తెరకీ తెరకీ మధ్య

మా తెనాలికి మూడు కాలవలు. నేను సినిమాకి వెళ్లిన రోజున నాలుగు. ఈ మాట మా నాన్నది. చిన్నప్పుడు మగవాళ్ళ వైపు ఆయన పక్కనే కూర్చుని సినిమా చూసేదాన్ని. ఒకరోజు హాలు బయటికొచ్చి, నేను తడిపేసిన కండువాను పిండుకుంటూ ఆ మాట అన్నాడు. ఆ తర్వాత నన్ను ఆడవాళ్ళ వైపుకి మార్చేశాడు. పెద్దదాన్ని అయ్యానని ఇంట్లో చెప్పుకున్నారు గానీ అసలు కారణం కండువా.

నాకు ఏడవటానికి పెద్ద కథ అక్కర్లేదు. తెర మీద తల్లి దగ్గితే చాలు. మిగతా జనానికి అది దగ్గు, నాకు అది కబురు. మొదటిసారి ఊరికే దగ్గిన తల్లి రెండోసారి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతుందనీ, ఆ పైసారి కొడుకు చేతిలో చెయ్యి పెట్టి పైకి చూస్తుందనీ నాకు ముందే తెలిసిపోయేది. అందుకని మొదటి దగ్గుకే మొదలుపెట్టేదాన్ని. ఆ తల్లికి నిజంగా ప్రాణం పోయే వేళకి నా దగ్గర ఏడుపు అయిపోయేది. హాలంతా ముక్కులు చీదుతుంటే నేను వేరుశనక్కాయలు ఒలుచుకునేదాన్ని. చుట్టుపక్కల వాళ్ళు నన్ను రాతిగుండె పిల్ల అనుకుని ఉంటారు.

పౌరాణికాల్లో బాణాల యుద్ధం వస్తే ఊరుకోలేకపోయేదాన్ని. రెండు వైపుల నుంచీ బయల్దేరిన బాణాలు ఆకాశం మధ్యలో ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి, ముక్కూ ముక్కూ ఆనించుకుని, కాసేపు తోసుకునేవి. దీంట్లోంచి పాములొస్తే దాంట్లోంచి గద్దలు. దీంట్లోంచి నిప్పొస్తే దాంట్లోంచి వాన. నేను మా వైపు బాణానికి సాయంగా ముందు బెంచీ ఆవిడ వీపు మీద రెండు చేతులూ పెట్టి తోసేదాన్ని. ఆవిడ వెనక్కి తిరిగి ఏంటమ్మా అంటే, మిమ్మల్ని కాదండి, బాణాన్ని అనేదాన్ని.

జానపదాల్లో మారువేషాలు నన్ను భయపెట్టేవి. హీరో బుగ్గన ఒక పులిపిరి అంటించుకుని కోటలోకి వస్తాడు. నేల క్లాసులో చంటిపిల్లలు కూడా గుర్తుపట్టి చప్పట్లు కొడతారు. కన్నతండ్రి మటుకు గుర్తుపట్టడు. ఎవరు నాయనా నువ్వు, ఏ దేశం మీది అంటాడు. ఇంటికొచ్చాక నేను బుగ్గ మీద పెసరగింజ అంటించుకుని నాన్న ఎదురుగా నిలబడేదాన్ని. ఆయన పేపరు మీంచి చూసి, వెళ్ళి మొహం కడుక్కో అనేవాడు. గుర్తుపట్టాడు గదా అని ప్రాణం కుదుటపడేది.

విలన్లంటే నాకు పెద్ద పగేమీ లేదు. పాపం వాళ్ళు కష్టపడి నవ్వేవాళ్ళు. అంతసేపు నవ్వి, చివర్లో తన్నులు తిని, పోలీసు జీపెక్కే మనిషిని ఏమంటాం? నన్ను అదుపు తప్పించేది గయ్యాళి అత్త ఒక్కతే. ఆవిడ మూతి విరుపు తెర మీద పడగానే నా లోపల ఏదో లేచి కూర్చునేది. కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరగకముందే నా నోరు తిరిగేది. పెళ్లి కాని పిల్లని, అత్తగారి మొహం ఎరగనిదాన్ని, ఊళ్ళో కోడళ్ళందరి తరఫునా వకాల్తా పుచ్చుకున్నట్టు అరిచేదాన్ని. ఆడవాళ్ళ వైపు ఇది కొత్తేం కాదు. అక్కడ అందరూ తెరతో మాట్లాడేవాళ్ళే. కాకపోతే వాళ్ళవి మాటలు, నావి కేకలు.

ఆ నోరే మా అక్క పెళ్లికి అడ్డం పడింది.

అక్క నాకన్నా చాలా పెద్దది. నేను ఓణీలకి వచ్చేటప్పటికే ట్రైనింగు పూర్తిచేసి, బాపట్లలో ఆడపిల్లల బళ్ళో టీచరుగా చేరింది. అక్కడే మా పిన్ని ఇంట్లో ఉండేది. శనివారం సాయంత్రం బండెక్కి, నిడుబ్రోలూ చుండూరూ దాటి తెనాలిలో దిగేది. ఆదివారం మళ్ళీ వెళ్ళిపోయేది. సినిమాల విషయంలో మేమిద్దరం ఒక తల్లి పిల్లలంటే ఎవరూ నమ్మరు. దీపాలు ఆరగానే అక్క నిద్రపోయేది. సైలెంటుగా, మర్యాదగా, తల నా భుజానికి ఆనించి పడుకునేది. ఇంటర్వెల్లో లేచి, అయిపోయిందా అని అడిగేది.

అక్కకి ఆ ఉద్యోగం అంటే ప్రాణం. అది తను నోరు తెరిచి చెప్పగా మేమెవరమూ వినలేదు. చాక్‌పీసు పొడి అంటిన చీర కుచ్చెళ్ళని దులపకుండా మడతపెట్టుకునే తీరులోనే తెలిసేది. కానీ వచ్చిన ప్రతి సంబంధం వాళ్ళూ ఒకటే మాట చెప్పి వెళ్ళేవాళ్ళు. అమ్మాయి నచ్చింది, ఉద్యోగం మానేస్తే ముహూర్తం పెట్టుకుందాం అని. ఒకరిది గుంటూరు, ఒకరిది నగరమనే ఊరి దగ్గర పల్లె. అక్కడి నుంచి పిల్ల రోజూ బాపట్ల బడికి ఎలా వెళుతుంది అనేవాళ్ళు. అక్క ఏమీ అనేది కాదు, మరుసటి బండికి బాపట్ల వెళ్ళిపోయేది. నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. అందరి అర్జీలూ రాసిపెట్టిన మనిషి. కూతురి తరఫున ఈ ఒక్క అర్జీ పెట్టుకోవడం ఆయనకి చేతకాలేదు.

అప్పుడు చుండూరు పెదనాన్న ఒక సంబంధం తెచ్చాడు. ఆయన నాన్నకి వరసకి అన్న, మా చుట్టాల్లో సగం పెళ్లిళ్ళు ఆయన చేతి మీదుగా అయినవే. అబ్బాయి వాళ్ళది రేపల్లె. తండ్రి లేడు. తల్లీ, బాబాయీ పెద్దదిక్కు. అబ్బాయి ఉద్యోగం బాపట్లలోనే. ఆ ఊరి పేరు వినగానే అక్క అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. తల్లి అంతకుముందే ఏదో పెళ్లిలో అక్కని చూసి ఇష్టపడిందట. ఉద్యోగం మానిపిస్తారా అని నాన్న అడిగితే, మానిపించరనే అనుకుంటున్నాను అన్నాడు పెదనాన్న. ఆ మాటకి ఒక కాలు ఇటూ, ఒక కాలు అటూ. అయినా అక్క మొదటిసారి ఒక సంబంధం గురించి నోరు విప్పింది. ఆ రాత్రి పక్కల మీద, ఇది కుదిరితే బావుణ్ణే అంది నాతో. అబ్బాయి ఎలా ఉంటాడో అడగలేదు. ఊరు చాలు తనకి.

అబ్బాయి ఒకసారి చూస్తే గానీ తాంబూలాల మాట ఎత్తనన్నాడట. పద్ధతిగా ఇంటికొచ్చి చూసి, తర్వాత వద్దంటే పిల్లకి చెడ్డపేరు. అందుకని ఆ రోజుల్లో ఒక ఏర్పాటు ఉండేది. ముందు ఎక్కడో అనుకోకుండా చూసినట్టు చూడటం. గుళ్ళో, స్టేషన్లో, లేకపోతే సినిమా హాల్లో. నచ్చకపోతే ఎవరూ ఎవరినీ చూడలేదు, ఎవరికీ ఏమీ జరగలేదు. పెదనాన్నా నాన్నా కలిసి ఆదివారం మ్యాట్నీ ఖాయం చేశారు. ఇంటర్వెల్లో దీపాలు వెలుగుతాయి, అబ్బాయి చూస్తాడు, అంతే. అక్కకి తోడు నేను. అక్కని కూర్చోబెట్టాల్సిన చోటు కూడా చెప్పారు: స్తంభం పక్కన, పిట్టగోడకి ఆనుకుని ఉండే బెంచీ. గోడకి అవతలి పక్క మగవాళ్ళ కుర్చీల్లో అబ్బాయీ, బాబాయీ.

మా హాల్లో ఆడవాళ్ళ వైపుకీ మగవాళ్ళ వైపుకీ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఉండేది. దాని మీద తీగ కట్టి, దానికి నల్లగుడ్డ తెర వేలాడదీసేవాళ్ళు. దీపాలు ఆరగానే ఒకావిడ వచ్చి ఆ తెరని బరబరా పక్కకి లాగేది. దీపాలు వెలిగే ముందు మళ్ళీ బరబరా వేసేసేది. మగవాళ్ళ చూపులు పడకుండా ఆ ఏర్పాటు. అంటే, తెర తీసి ఉన్నంతసేపూ చీకటి. వెలుతురు వచ్చినంతసేపూ తెర. ఈ సంగతి ఊళ్ళో ప్రతి ఆడదానికీ తెలుసు. పెదనాన్నకీ నాన్నకీ కూడా తెలుసు. కానీ ఇంటర్వెల్ అనగానే వాళ్ళ బుర్రల్లో దీపం వెలిగింది గానీ తెర పడలేదు. అమ్మనడిగితే చెప్పేది. అమ్మనెవరూ అడగలేదు. మగపెళ్లివారి మాటలు మగవాళ్ళవి.

పోనీ సినిమాకి ముందు గేటు దగ్గరైనా చూద్దురు. దానికి నేను అడ్డం పడ్డాను. పేర్లు పడటం దగ్గర నుంచీ చూడకపోతే నాకు సినిమా చూసినట్టుండదు. అసలు పేర్లకి ముందు వచ్చే న్యూస్‌రీలు కూడా వదలను. ఏదో ఆనకట్టకి ఎవరో కొబ్బరికాయ కొట్టే ఆ బొమ్మలో కూడా నాకు కళ్ళు చెమర్చేవి. అందుకని అక్కని రిక్షా ఎక్కించి గంట ముందే తీసుకుపోయాను. రేపల్లె బండి ఆలస్యమై, వాళ్ళు చీకట్లో తడుముకుంటూ వచ్చారు.

బయల్దేరేటప్పుడు అమ్మ అక్కకి కనకాంబరాలు పెట్టింది, నాకు బుద్ధులు పెట్టింది. ఏడవద్దు, నవ్వద్దు, ఎవరినీ తొయ్యద్దు, ముఖ్యంగా నోరెత్తద్దు. మరి సినిమాకి ఎందుకమ్మా అని అడిగాను. నీకోసం కాదు, మీ అక్క కోసం అంది. నిజంగానే ప్రయత్నించాను. న్యూస్‌రీలులో ఆనకట్టని కూడా పొడి కళ్ళతోనే చూశాను.

అక్క ఆ వారమంతా పరీక్ష పేపర్లు దిద్ది, పొద్దున బండికి వచ్చింది. పేర్లు పూర్తయ్యేలోగా నా భుజం మీద వాలిపోయింది. పెళ్లిచూపుల్లో నిద్రపోయిన పెళ్లికూతురు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు. లేపుదామనుకుని, చీకట్లో ఎవరు చూస్తారులే అని ఊరుకున్నాను.

ఆ సినిమా అప్పటికి జనాన్ని విరగబడి రప్పించుకుంటోంది. పొన్నూరు వైపు పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఉమ్మడి కుటుంబం, ఇద్దరు కోడళ్ళు, అమాయకురాలైన చిన్నకోడలు, అందరికీ కలిపి ఒక అత్త. చిన్నకోడలు నలుగురి ముందూ పరువు నిలబెట్టుకుందామని పాయసం కాచింది. చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. కోడలు మంచినీళ్ళు పెట్టటానికి అటు వెళ్ళగానే అత్త వంటింట్లోకి వచ్చింది. తలుపు వైపు చూసింది. మూతి విరిచింది. జాడీలోంచి దోసెడు ఉప్పు తీసి పాయసంలో పోసింది.

ఓణీ చెంగు నోట్లో కుక్కుకున్నాను. కోడలు నవ్వుతూ వచ్చి గరిటె పట్టుకుంది. చెంగు సగం బయటికొచ్చింది. మొదటి విస్తరి దగ్గర వంగింది. అంతే, చెంగు చెంగున ఎగిరిపోయింది.

"రుచి చూడకుండా వడ్డిస్తావేంటే పిచ్చిమొహమా! ఆవిడ ఉప్పు పోసింది, ఆ ముసల్ది! నీ చేతులు పడిపోనూ, నీ కొడుకు నిన్ను వీధిలో నిలబెట్టనూ!"

చివరి వాక్యం అత్తగారికి. చిన్నకోడలికి నా మాట వినిపించలేదు, వడ్డించేసింది. గోడకవతల ఉన్నవాళ్ళకి మాత్రం శుభ్రంగా వినిపించింది. అక్కడి నుంచి నన్ను నేను పట్టుకోలేకపోయాను. వర్షంలో కోడల్ని బయటికి తోసి తలుపేసినప్పుడు పాత తిట్లు అయిపోయి కొత్తవి కల్పించాను. చివర్లో అత్త కాలు జారి పడితే హాలంతా నవ్వింది. ఆ నవ్వులన్నిటి మీదా ఒక నవ్వు తేలింది. అది నాదే. అక్క మటుకు కదలకుండా, పసిపిల్లలా నిద్రపోయింది.

ఇంటర్వెల్లో ఏమైందో చెప్పనే అక్కర్లేదు. బరబరా తెర పడింది, దీపాలు వెలిగాయి. అక్క లేచి జడ సర్దుకుని, కొంగు సరిచేసుకుని, కళ్ళు దించుకుని, నల్లగుడ్డకి ఎదురుగా బుద్ధిగా కూర్చుంది. అవతలి పక్క అబ్బాయి కూడా అదే గుడ్డకి ఎదురుగా అలానే కూర్చుని ఉంటాడు. ఆట అయ్యాక మా గేటు పక్క సందులోకి, వాళ్ళ గేటు పెద్దవీధిలోకి. మేం వీధి చుట్టి వచ్చేసరికి వాళ్ళు రేపల్లె పాసింజరుకి వెళ్ళిపోయారు. పెళ్లిచూపులు కాస్తా పెళ్లివినికిళ్ళు అయ్యాయి.

రెండ్రోజులకి పెదనాన్న వచ్చాడు. కాళ్ళు కడుక్కోమన్నా కడుక్కోలేదు. అబ్బాయికి పిల్ల కనిపించలేదుట. అది పెద్ద ఇబ్బంది కాదు, ఇంకోసారి చూస్తాడు. బాబాయి మాత్రం వద్దంటున్నాడు. స్తంభం పక్క పిల్ల నోరు తాను స్వయంగా విన్నాననీ, బొమ్మలో అత్తగారినే చేతులు పడిపోవాలని తిట్టిన పిల్ల రేపు మా వదినని బతకనిస్తుందా అనీ అన్నాడట. వదినంటే ఆ అబ్బాయి తల్లి.

ఇంట్లో అందరూ నా వైపు తిరిగారు. అమ్మ తిట్టలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

నాన్న తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతేనా, తిట్టింది పెద్దది కాదు చిన్నది అని చెబితే సరిపోయె అన్నాడు. పెదనాన్న కూడా తలూపాడు. ఆ వారం అక్కకి సెలవు. పక్కగదిలో ఉన్న అక్క గుమ్మంలోకి వచ్చింది. నాన్న ఎదుట ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, అప్పుడు కూడా పెంచలేదు.

"చెప్పద్దు నాన్నా. దాన్ని గయ్యాళి అని మనమే అనిపిస్తే రేపు దాని సంగతేంటి? నేనే అన్నానని చెప్పండి."

సంబంధం పోతుందే అంది అమ్మ. పోతే పోతుందనలేదు అక్క. ఆ మాట అనటానికి తనకి నోరు రాలేదు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. నేను తనకి ఎదురుగా వెళ్ళి, నేనే వాళ్ళకి చెబుతానక్కా అంటే, నువ్వు నోరు మూసుకో అంది. ఆ మాట మా ఇంట్లో రోజూ వినేదే, ఆ రోజు మాత్రం దాంట్లో దెబ్బ లేదు.

పెదనాన్న వాళ్ళకి అక్క చెప్పమన్నట్టే చెప్పాడు. అనుకోనిది ఏంటంటే, అబ్బాయి తల్లి బాబాయి మాట పక్కన పెట్టి, మనం ఇంటికెళ్ళి చూద్దాం అన్నదట. తర్వాతి ఆదివారం వాళ్ళు ముగ్గురూ వచ్చారు. ఈసారి తెరల్లేవు, పట్టపగలు, మా ముందు గదిలో చాప మీద కూర్చున్నారు. నన్ను వంటింట్లో పెట్టి తలుపు దగ్గరగా వేశారు. తలుపు సందు నాకు చాలు. అంతకన్నా సన్నటి సందుల్లోంచి సినిమాలు చూసిన దాన్ని.

అబ్బాయి సన్నగా, కళ్ళజోడుతో ఉన్నాడు. తల్లి గుండ్రంగా, తెల్లచీరలో, ఇల్లంతా కలయజూస్తూ ఉంది. బాబాయి అమ్మ పెట్టిన రవ్వకేసరిని స్పూను కొసతో ముట్టుకుని, నాలిక్కి రాసుకుని చూసుకున్నాడు. ఉప్పుందేమోనని ఆయన భయం. అక్క వచ్చి తల వంచుకుని కూర్చుంది.

ఊరూ పేరూ చదువూ అయ్యాయి. అప్పుడు ఆ తల్లి చాలా మామూలుగా, ఆ బొమ్మ నేనూ మా రేపల్లెలో చూశానమ్మా అంది. ఆ పెద్దకోడలు పాయసంలో ఉప్పు పోసినప్పుడేగా నీకంత కోపం వచ్చింది అని అడిగింది.

అక్కకి పాయసమూ తెలీదు, ఉప్పూ తెలీదు. తను చూసింది నల్లగుడ్డ ఒక్కటే.

"అవునండి. పెద్దకోడలు అలా చెయ్యకూడదు కదండి," అంది.

ప్రపంచంలో దేన్నైనా ఓర్చుకుంటాను గానీ సినిమా కథ తప్పు చెబితే ఓర్చుకోలేను. ఇప్పటికీ అంతే. పెద్దకోడలు ఎంత మంచిది! చిన్నదాని కోసం అత్తకి ఎదురుతిరిగిన మనిషి! ఆ మహాతల్లి నెత్తిన ఉప్పు పోస్తుంటే నేను తలుపు సందులో ఎలా ఊరుకుంటాను?

"పెద్దకోడలు కాదు, అత్తగారు! ఆ ముసల్దే పోసింది!"

అన్నాక తెలిసింది అన్నానని. గదిలో స్పూను చప్పుడు ఆగిపోయింది. బాబాయి వంటింటి తలుపు వైపు చూశాడు. స్తంభం పక్కన విన్న గొంతు ఆయనకి ఎలా మరుపొస్తుంది? నాన్న చేత్తో మొహం తుడుచుకున్నాడు. నేను తలుపు వెనకాల ఉప్పుజాడీ పక్కన కూలబడ్డాను.

ఆ తల్లి మటుకు నవ్వింది. అత్తగారేనని నాకు తెలుసులేమ్మా, నేనా బొమ్మ రెండుసార్లు చూశాను అంది. పెళ్లిలో చూసినప్పుడు పక్కవాళ్ళు పలకరిస్తే గానీ పలకని పిల్ల, హాల్లో అంతంత తిట్లు తిట్టిందంటే నమ్మకం కుదరక ఒక రాయి వేసి చూసిందట.

"మరి నువ్వే అన్నావని కబురెందుకు చేశావమ్మా?" బాబాయి అడిగాడు. ఆయన గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

అక్క తల ఎత్తింది. ఇంట్లో అందరం అక్క తల వంచుకుని ఉండటమే ఎరుగుదుం.

"నాకు ఉద్యోగం ఉందండి. ఈ సంబంధం తప్పిపోయినా సోమవారం నేను బడికి వెళతాను. దానికింకా ఏమీ లేదండి, పేరు తప్ప. అందుకని నేనన్నానండి."

అక్క అక్కడ ఆపుతుందనుకున్నాం. ఆపలేదు.

"అడిగారు కాబట్టి ఇంకొకటి కూడా చెబుతానండి. పెళ్లయినా నేను బడి మాననండి. మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. తర్వాత చెబితే కష్టమండి."

ఇన్నాళ్ళుగా నాన్న అడగలేక, పెదనాన్న అటూ ఇటూ కాకుండా చెప్పి, అమ్మ దేవుడికి మాత్రమే చెప్పుకున్న మాట అది. ఎన్ని సినిమాల్లో ఎన్ని ఘట్టాలు చూశాను నేను! వీణ మోగేది, ఉరుమొచ్చేది, ముగ్గురి మొహాలు మూడుసార్లు దగ్గరగా చూపించేవాళ్ళు. మా ఇంట్లో ఏమీ మోగలేదు. వీధిలో పాలవాడు సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళాడు.

అబ్బాయి కళ్ళజోడు సవరించుకుని మొదటిసారి మాట్లాడాడు.

"మీ బడి వెనక వీధిలోనేనండి నా గది. పొద్దున ఫస్టు బెల్లు వినే నేను బయల్దేరతాను. ఆ బడి మానటం ఎందుకండి?"

బాబాయి ఇంకేదో అనబోయాడు. ఆ తల్లి ఆయన వైపు చూసింది. ఆయన కేసరి తినటం మొదలుపెట్టాడు. ఈసారి స్పూను నిండా తీసుకున్నాడు. ఆవిడ అమ్మతో, ఉద్యోగం సంగతి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారుగా, ఇంక మనకేంటి పని అంది. తర్వాత వంటింటి వైపు తిరిగి, నన్ను బయటికి రమ్మంది. ఉప్పుజాడీ పక్క నుంచి లేచి వెళ్ళాను. నన్ను కింది నుంచి పైదాకా చూసి, సెలవుల్లో దీన్ని మా రేపల్లె పంపించండి, నాతో సినిమాకి వచ్చేవాళ్ళెవరూ లేరు అంది. తనకీ నోరు పెద్దదేననీ, వాళ్ళ హాల్లో అందరూ తెలిసినవాళ్ళు కావటంతో మెల్లగా తిట్టుకోవలసి వస్తోందనీ నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది. నాకు తెలిసి, గయ్యాళి అత్త పాత్రని తిట్టటానికి కోడలి చెల్లెల్ని తోడు అడిగిన అత్తగారు ఆవిడొక్కతే.

పెళ్లి వేసవి సెలవుల్లో పెట్టుకున్నారు. బడికి సెలవు పెట్టనక్కర్లేకుండా అక్కే ముహూర్తం అడిగింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, ఆ మూడూళ్ళ మధ్య రైళ్ళల్లో నా సినిమాలు నడిచాయి. రేపల్లెలో అత్తయ్యగారితో ఏడుపు బొమ్మలు, బాపట్లలో బావగారితో ఫైటింగు బొమ్మలు, తెనాలిలో ఒంటరిగా అన్నీను. డెబ్బైల్లోకి వచ్చాక మా హాల్లో పిట్టగోడ కొట్టేశారు. నల్లగుడ్డ ఏమైందో తెలీదు. రంగుల బొమ్మలొచ్చాయి, తల్లులు దగ్గటం తగ్గింది, హీరోలు పులిపిరి బదులు నల్లకళ్ళజోడు పెట్టుకుని మారువేషం వేశారు. అప్పుడూ ఎవరూ గుర్తుపట్టలేదు. నేను ఏడుస్తూనే ఉన్నాను. కాలవలు మటుకు ఇంకా మూడేనని నాన్న అంటూ ఉండేవాడు, నన్ను లెక్కలోంచి తీసేసి.

అన్నిట్లోకీ నేను బాగా చూసిన ఘట్టం అయితే హాల్లో కాదు. పెళ్లయ్యాక బడి తెరిచిన రోజున, బాపట్లలో వాళ్ళు కొత్తగా అద్దెకి తీసుకున్న రెండు గదుల వాటాలో. సామాను సర్దటానికి రేపల్లె నుంచి అత్తయ్యగారూ, తెనాలి నుంచి నేనూ వెళ్ళి ఉన్నాం. పొద్దున్నే అత్తయ్యగారు క్యారియరులో అన్నం సర్దారు. పప్పు నాలిక మీద వేసుకుని ఉప్పు చూశారు. అక్క నీలంచీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, క్యారియరు అందుకుంది. మెడలో కొత్త పసుపుతాడు. అత్తయ్యగారు గుమ్మందాకా వచ్చి, కొత్త పెళ్లికూతురివి, ఎండన పడి నడవకు, గొడుగు వేసుకో అన్నారు.

నాకిక ఆగలేదు. వసారా స్తంభానికి ఆనుకుని, సొంత అక్క బడికి వెళుతుంటే, వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తయ్యగారు నన్ను చూసి తనూ కొంగు కళ్ళకి పెట్టుకున్నారు. బావగారు చెప్పులు వేసుకుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇందులో ఏడవటానికేముందే? బడికేగా వెళుతున్నాను," అంది అక్క.

శుభం అని అక్షరాలు పడాల్సిన చోటది. పడటానికి వ్యవధి ఎక్కడిది? వెనక వీధిలో ఫస్టు బెల్లు మోగింది. అక్క గొడుగు విప్పను కూడా విప్పకుండా, కుచ్చెళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, గబగబా పరుగెత్తింది.